కన్నవారిని తిరుపతిలో వదిలేస్తారా?

దర్శనానికని తీసుకొచ్చిన వృద్ధ తల్లిదండ్రులను తిరుపతి బస్టాండులో, రైల్వే స్టేషన్‌లో వదిలి వెళ్లిపోయే బిడ్డల తీరు తీవ్రంగా పట్టించుకోవలసిన సమస్య. గత నెల బస్టాండులో ఒక అవ్వ, గుండుకు పూసిన గంధం ఆరి రాలిపోతున్నా, కొడుకు టిక్కెట్ల కోసం వెళ్లాడనే సాయంత్రం దాకా చెబుతూ కూర్చుంది. పక్కనున్న టీ అంగడి కుర్రవాడు ఎవరూ అడగకుండానే పాలు తెచ్చి, వణికే ఆమె చేతుల్లో గ్లాసు ఒలకకుండా పట్టుకొని నిలబడ్డాడు. మొక్కు తీర్చుకున్న కొడుకులో లేని ప్రేమ ఆ కుర్రవాడి స్వభావంలోనే ఉంది. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 24వ సెక్షన్ ప్రకారం ఇలా వదిలేయడం 3 నెలల వరకు జైలుశిక్ష పడే నేరమన్న హెచ్చరికను, వృద్ధుల సహాయ నంబరు 14567ను తెలుగు, తమిళ, కన్నడ భాషల్లో ఈ రెండు చోట్లా పెద్ద బోర్డులపై రాయించి, రాత్రిళ్లు కూడా పనిచేసే సహాయ కేంద్రాన్ని అధికారులు వెంటనే ఏర్పాటు చేయాలి.

— ఒక పాఠకురాలు, తిరుపతి