సీసాలు లెక్కపెట్టకు బావా, చేతులు లెక్కపెట్టు

ఒరేయ్ బావా,

బక్కోడి వీడ్కోలు పార్టీకి నువ్వు రాలేదు. సరే, ఆ లెక్క తర్వాత తేల్చుకుందాం. వచ్చే నెల నువ్వూ ఒక కాక్‌టెయిల్ బార్‌లోనే పార్టీ ఇవ్వబోతున్నావని వాడే చెప్పాడు. అందుకే తిట్లు పక్కన పెట్టి, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. ఫోన్లో చెబితే సగం నవ్వేసి సగం మర్చిపోతావు. ఉత్తరమైతే కనీసం బుకింగ్ చేసే రోజున ఒకసారి తీసి చూసుకుంటావు.

ముందు నా తెలివి గురించి చెప్తాను. బార్‌కి వెళ్ళాను, పై అంతస్తులో విడిగా ఉన్న గది చూశాను, మురిసిపోయాను. పొడవాటి కౌంటర్, వెనక గోడంతా అద్దం, అద్దం ముందు వరసగా సీసాలు. వంద దాకా ఉంటాయేమో. వచ్చేది 42 మంది. ఇన్ని సీసాలుంటే ఇంకేం కావాలి అనుకున్నాను. మెనూలో ఏం పెట్టమంటారని మేనేజర్ అడిగితే ఆరు కాక్‌టెయిల్స్ రాసిచ్చాను. అన్నిటికంటే పైన మొజిటో, ఎందుకంటే అందరికీ తెలిసిన పేరు అదే. ఆయన చూసి "సూపర్ సార్" అన్నాడు. ఆ సూపర్‌ని నమ్మడం నా మొదటి తప్పు. కౌంటర్ వెనక ఎంతమంది పనిచేస్తారని అడగకపోవడం రెండోది.

ఇద్దరు, బావా. ఇద్దరే.

ఏడున్నరకి రమ్మన్నాను. ఏడు నలభైకల్లా దాదాపు అందరూ దిగిపోయారు, దిగినవాళ్ళు దిగినట్టే కౌంటర్ దగ్గరికి నడిచారు. "ఒక మొజిటో." "నాకూ అదే." "మాకు రెండు." నేను ఆ పక్కనే నిలబడి మొదటిసారి మొజిటో ఎలా చేస్తారో దగ్గర్నుంచి చూశాను. గ్లాసులో నిమ్మముక్కలు, చక్కెర, పుదీనా ఆకులు. వాటిని కర్రతో మెల్లగా నొక్కాలి. గట్టిగా నలిపితే ఆకు చేదెక్కుతుందట. తర్వాత రమ్ కొలిచి పోయాలి, ఐస్ నింపాలి, సోడా పోయాలి, కింద నుంచి పైకి ఒక్కసారి కలపాలి, పైన పుదీనా రెమ్మ గుచ్చాలి. ఆ గుచ్చే ముందు అరచేతిలో పెట్టి ఒక్క చరుపు చరుస్తాడు, వాసన రావడానికి. చూడముచ్చటగా ఉంది. కాకపోతే ఆ ముచ్చటకి రెండు నిమిషాలు పట్టింది.

ఇప్పుడు లెక్క వెయ్యి. అందరూ ఒక్కోటి అడిగారనుకో, 42 మంది, తలా రెండు నిమిషాలు, మొత్తం 84. ఇద్దరు చేస్తున్నారు కాబట్టి 42 నిమిషాలు. అంటే చివరివాడి చేతికి మొదటి గ్లాసు వచ్చేసరికి, మొదటివాడు తన గ్లాసు ఖాళీ చేసి మళ్ళీ లైన్లో నిలబడతాడు. ఆ లైన్ ఎప్పటికీ తగ్గదు. గదిలో సోఫాలన్నీ ఖాళీ, జనమంతా కౌంటర్ మీదే. పార్టీలా లేదు, టికెట్ కౌంటర్‌లా ఉంది. బక్కోడు, ఎవరి కోసం పార్టీయో ఆ బక్కోడు, ఉత్త చేతులతో మూల నిలబడి నన్ను చూసి నవ్వుతున్నాడు. ఆ నవ్వు నీకు తెలుసుగా, పరీక్షలో నా పక్కన కూర్చుని నా పేపర్ చూసి నవ్వేవాడు, అదే నవ్వు. నాకు తలప్రాణం తోకకొచ్చింది.

ఆ ఇద్దరిలో పెద్దాయన, యాభై దాటి ఉంటాయి, నన్ను సైగ చేసి పక్కకి పిలిచాడు. "సార్, ఈ మెనూ మీరే రాశారా?" అన్నాడు. అవునన్నాను. కోప్పడలేదు, జాలిగా చూశాడు. "నాకు పది నిమిషాలు ఇవ్వండి. మొజిటో అయిపోయిందని చెప్పండి" అన్నాడు. కళ్ళెదుట గంపెడు పుదీనా కనబడుతుంటే అయిపోయిందని నేనెలా చెప్పను? చెప్పేశాను.

ఆయన చేసిన పని చూడాలి నువ్వు. రెండు పెద్ద జగ్గులు తీశాడు. జిన్ 600 మిల్లీలీటర్లు, తీపి వెర్మూత్ అనే మూలికల వైన్ 600, కంపారి అనే చేదు ఎర్ర మద్యం 600. మూడూ సమపాళ్ళు, అదే నెగ్రోనీ. 1919 ప్రాంతంలో ఫ్లోరెన్స్‌లో నెగ్రోనీ అనే ఒక కౌంట్, అంటే జమీందారు లాంటి ప్రభువు, తన డ్రింక్‌లో సోడా బదులు జిన్ పొయ్యమన్నాడనీ, అలా ఆ పేరు వచ్చిందనీ బార్లలో చెప్పుకుంటారు. అది అలా ఉంచు. మూడూ పోశాక ఆయన ఇంకో 400 మిల్లీలీటర్ల నీళ్ళు కొలిచి పోశాడు. నేను గతుక్కుమన్నాను. నా డబ్బుతో నా కళ్ళ ముందే కల్తీ!

ఆయన నా మొహం చదివేసినట్టున్నాడు. "ఐస్‌తో కలిపేటప్పుడు కరిగి ఎలాగూ ఇంత నీరు చేరుతుంది సార్. గ్లాసు గ్లాసుకీ కలిపే టైం లేదు కాబట్టి ముందే పోస్తున్నాను. ఇది లేకపోతే నాలుక మండుతుంది" అన్నాడు. తర్వాత నేను చదివి చూశాను, కాక్‌టెయిల్ అంటే ఏమిటో 1806లోనే ఒక అమెరికన్ పత్రికలో రాశారు: సారా, చక్కెర, నీళ్ళు, బిట్టర్స్ అనే చేదు మూలికల సారం. చూశావా, నీళ్ళు మొదట్నుంచీ లెక్కలో ఉన్నవే. మనం డబ్బిచ్చి కొనేదాంట్లో ఐదో వంతు నీళ్ళేనని తెలిసి కాసేపు మనసు చివుక్కుమంది గానీ, రుచి చూశాక పోయింది.

రుచి అంటే గుర్తొచ్చింది. ఆయన గ్లాసులో పోసుకుని తాగలేదు. ఒక స్ట్రా జగ్గులో ముంచి, పై కంతని వేలితో మూసి, పైకి తీసి, అందులో నిలిచిన నాలుగు చుక్కలు నోట్లో వేసుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. ఇంకో రెండు చెంచాల నీళ్ళు పోశాడు. మళ్ళీ స్ట్రా. అప్పుడు తలూపాడు. జగ్గుల్ని ఐస్ నిండిన తొట్టెలో కూర్చోబెట్టి చల్లబరిచాడు. ఆ తర్వాత ఒక్కో గ్లాసుకి పట్టింది పదిహేను సెకన్లు: ఒక ఐస్ గడ్డ, జగ్గులోంచి పోయడం, నారింజ తొక్క మెలిపెట్టి వదలడం. 20 గ్లాసులు చూస్తుండగానే వెళ్ళిపోయాయి. చేదు పడనివాళ్ళకి జిన్‌లో టానిక్ వాటర్ అనే ఒక రకం సోడా పోసి ఇచ్చాడు, అదీ చిటికెలో పనే. పావుగంటలో కౌంటర్ ఖాళీ, సోఫాలు నిండాయి, మొదటిసారి గదిలో నవ్వులు వినపడ్డాయి.

వడ్డించేవాడు మనవాడైతే కడబంతిని కూర్చున్నా ఒకటే అంటారు కదా, ఆ రోజు నేను బంతి మధ్యలోనే కూర్చుని ఉన్నాను, వడ్డించేవాడెవరో మాత్రం ముందు కనుక్కోలేదు. నువ్వు గది బుక్ చేసేముందు మేనేజర్‌తో కాదు, ఆ రోజు కౌంటర్ వెనక ఉండబోయే మనిషితో పది నిమిషాలు మాట్లాడు. మూడు డ్రింకులు చాలు. ఒకటి జగ్గులో ముందే కలిపి ఉండాలి, జనం గుమ్మంలోకి రాగానే చేతిలో పెట్టడానికి. ఒకటి పోసి ఇచ్చేది. ఒక్కటి మాత్రం షేకర్‌లో గలగలలాడించేది, చూడ్డానికి సరదాగా ఉంటుంది కాబట్టి. నిమ్మరసం లాంటివి పడే డ్రింక్ షేక్ చేస్తారు, ఉత్త మద్యాలే ఉంటే గరిటెతో తిప్పుతారు. ఆ తిప్పేవే ముందుగా కలిపి పెట్టుకోవడానికి పనికొస్తాయి. నిమ్మరసం గంటల తరబడి నిలవుంటే రుచి చచ్చిపోతుంది.

మా ఆఫీసులో ఒకావిడ ఉంది, ఆరో నెల. ఆవిడకి సోడాలో ఏదో ఎర్రగా నాలుగు చుక్కలు వేసి అందంగా ఇవ్వబోయాడు చిన్న కుర్రాడు. పెద్దాయన చటుక్కున చెయ్యి పట్టుకున్నాడు. అది అంగోస్తురా బిట్టర్స్. మందు సీసాలా ఉంటుంది, పైన కాగితం లేబుల్ సీసా కంటే పెద్దది. నిజానికి 1824లో ఒక డాక్టర్ కడుపు మందుగా తయారుచేసిందే. అందులో ఆల్కహాల్ 44.7 శాతమని నాకు అప్పటిదాకా తెలీదు. నాలుగు చుక్కలే కదా అంటావు. వేసుకునేవాళ్ళకి తెలిసి వేసుకోవడం వేరు, తెలియకుండా ఇవ్వడం వేరు. అలాగే సవర్ అనే పుల్లటి కాక్‌టెయిల్స్ కొన్నిటిలో గుడ్డు తెల్లసొన వేస్తారు, మాయ్ టాయ్ అనే రమ్ కాక్‌టెయిల్‌లో బాదం సిరప్ పడుతుంది. పిలిచినవాళ్ళలో ఎవరికి ఏది పడదో ముందే అడిగి రాసిచ్చెయ్. ఇంకోమాట, తాగనివాళ్ళని రాత్రంతా ఉత్త కూల్‌డ్రింక్‌తో కూర్చోబెట్టకు. వాళ్ళకీ ఒక జగ్గు చేయించు, అవే గ్లాసుల్లో పోయించు. మనవాళ్ళలో తొమ్మిదిమంది తాగరు. ఆ తొమ్మిదిమంది మొహాలూ చూసి నాకే సిగ్గేసింది.

డబ్బు సంగతి నువ్వే అడుగుతావు కాబట్టి చెప్పేస్తాను. గదికి అద్దె లేదన్నారు, మినిమం స్పెండ్ అన్నారు. అంటే కనీసం ఇంత బిల్లు చెయ్యాలి, చెయ్యకపోయినా అంత కట్టాలి. నేను సరే అన్నాను, 42 మంది తాగితే అదెంతలే అని. చివర్లో చూస్తే తక్కువ పడింది. ఎలా అంటే, పన్నులూ సర్వీస్ చార్జీ ఆ లెక్కలోకి రావట. ఎక్కడ రాశారంటే అగ్రిమెంట్ రెండో పేజీలో కింద చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. మొదటి గంటలో లైన్ వల్ల ఎవరూ తాగలేకపోవడం ఒక కారణం కదా, మరి ఆ లైన్ ఎవరి వల్ల అని మేనేజర్‌తో వాదించాను. ఆయన చాలా మర్యాదగా ఒక్క రూపాయి కూడా తగ్గించలేదు. కనీసం మిగిలినదానికి తినేవి ఇవ్వమంటే కిచెన్ మూసేశారన్నాడు. నువ్వు మాత్రం ఏవేవి లెక్కలోకి వస్తాయి, కిచెన్ ఎన్నింటికి మూస్తారు, ఆఖరి ఆర్డర్ ఎప్పుడు అన్న మూడూ కాగితం మీద పెట్టించుకో.

ఎవరికి ఎన్ని అన్న గొడవ కూడా ఉంటుంది. నేను అడిగినవాడికి అడిగినంత అన్నాను. మన శరీరం రమారమి గంటకి ఒక్క చిన్న పెగ్గుని అరిగించగలదట. కాక్‌టెయిల్ ఒక్కోటి రెండింటి పెట్టు ఉంటుంది, నెగ్రోనీలో 90 మిల్లీలీటర్లూ మద్యమే మరి. పదింటికి ఇద్దరు పాటలు మొదలుపెట్టారు, ఒకడు ఏడ్చాడు. ఎవరో రాయను, నువ్వు ఊహించగలవు. ఈసారైతే తలా మూడు టోకెన్లు ఇస్తాను, ఆ పైన ఎవరి జేబు వాళ్ళది. తినేవి తాగేవాటికంటే ముందు రావాలి. కార్లు ముందే మాట్లాడి పెట్టాను, నేను సరిగ్గా చేసిన పని బహుశా అదొక్కటే.

నువ్వు పంపిన స్పీచ్ చదివాను. అంటే, చదవడానికి ప్రయత్నించాను. గట్టి నేల, అద్దం గోడ, ఎక్కడన్న మాట అక్కడే గింగిరాలు కొడుతోంది. చుట్టూ చప్పుడు పెరిగితే మనిషి తెలియకుండానే గొంతు పెంచుతాడు, అందరూ పెంచుతారు, మళ్ళీ చప్పుడు పెరుగుతుంది. పాటలు ఆపించి, బల్ల మీద గ్లాసు కొట్టి, నీ రెండు పేజీల్లో ఐదు లైన్లు అరిచాను. నువ్వు బక్కోడి వంట గురించి రాసిన ముక్క మాత్రం వదల్లేదు. గది గొల్లుమంది.

ఒక్క తమాషా చెప్పి ఆపుతాను. ఆ గదిలో ఒక మూల ఊదారంగు లైటు ఉంది, బట్టలు మెరిసిపోతాయే, అది. బక్కోడు జిన్ టానిక్ పట్టుకుని అక్కడికి వెళ్ళాడు. గ్లాసులో డ్రింక్ నీలంగా వెలగడం మొదలుపెట్టింది. వాడు కెవ్వుమని గ్లాసు బల్ల మీద పెట్టేసి, ఇందులో ఎవడి ఫోనో పడిందని వేలు పెట్టి వెతికాడు. టానిక్‌లో క్వినైన్ ఉంటుంది, ఆ లైటు కింద అలాగే వెలుగుతుంది అని పెద్దాయన వచ్చి చెప్పేదాకా మా అందరికీ అదే అనుమానం. ఆ తర్వాత అందరూ టానికే అడిగారు. ఇంకో రెండు గంటలు కౌంటర్ దగ్గర లైన్ లేదు.

వెళ్ళేముందు పెద్దాయనకి విడిగా టిప్ ఇచ్చాను. మేనేజర్‌కి ఇవ్వలేదు. నీ పార్టీకి ఎంతమంది వస్తున్నారో, కౌంటర్ వెనక ఎంతమంది ఉంటారో కనుక్కుని రాయి. మెనూ కూడా పంపు. మొజిటో కనబడితే కొట్టేస్తాను.

ఇట్లు,
నీ స్పీచ్ అరిచి గొంతు పోగొట్టుకున్న
పాత రూమ్మేట్