ఆ చవక స్ట్రాంగ్ బీరును తీసెయ్యడం లేదు, ఎందుకో చెప్తాను

మా బారుకొచ్చే అన్నలకు, తమ్ముళ్లకు నమస్కారం.

ఏప్రిల్, మే నెలల్లో మీలో చాలామంది నాతో ఒకే మాట అన్నారు. "ఆ తక్కువ రేటు స్ట్రాంగు బాగలేదప్పా, అట్ట నమిలినట్టుండాది, తీసెయ్." మామిడికాయల మండీలో లోడింగ్ చేసే ఒకన్న సగం సీసా టేబుల్ మీదే వదిలేసి లేచిపోయినాడు. కష్టపడి సంపాదించిన రూపాయిని పారబోసుకునే మనిషి కాదాయన. అది చూసినాక నాకు రెండు రోజులు మనసు మనసులో లేదు.

వెతికితే తప్పు నా దగ్గరే దొరికింది. రేటెక్కువ బీర్లను శ్లాబు కింద లోపలి గదిలో, ఈ చవకవాటిని వెనకాల రేకుల షెడ్డులో పెట్టించినాను. మన చిత్తూరు ఎండలో రేకు కింద మధ్యాహ్నం చెయ్యి పెడితే కాలుతుంది. వేడికి బీరు పాలలాగా విరగదు, పైకి బాగానే కనిపిస్తుంది. కానీ సీసా మూతి కింద మిగిలిన కాస్త గాలి ఆ వేడికి తొందరగా పనిచేసి తడిసిన అట్టపెట్టె వాసన తెప్పిస్తుంది. ఆ తర్వాత ఫ్రిజ్‌లో ఎంత చల్లబెట్టినా ఆ వాసన పోదు. చల్లదనానికి నాలుక మొద్దుబారి మొదటి రెండు గుక్కలు తెలియదు, అంతే. రేటు తక్కువని సరుకును చిన్నచూపు చూసినాను, దాని ఫలితం మీ నోటికి తగిలింది. క్షమించండి.

అది తేలినాక బీరును సరిగ్గా పరీక్ష చేద్దామని ఒక పొద్దున బారు తెరవక ముందు ముగ్గురం కూర్చున్నాం. నేను, మా వంట మాస్టరు, ఇరవై ఏళ్లుగా వచ్చే ఒక పెద్దాయన. రంగు కనపడకుండా స్టీలు గ్లాసులు తీసుకొని అడుగున చాక్‌పీసుతో గుర్తులు పెట్టినాం. ఒకదాంట్లో డిపో నుంచి కొత్తగా వచ్చిన చవక బీరు, ఒకదాంట్లో షెడ్డు వేడికి పాడైనది, ఇంకోదాంట్లో నలభై రూపాయలు ఎక్కువున్న స్ట్రాంగు. షెడ్డు గ్లాసును ముగ్గురమూ మొదటి గుక్కకే పక్కకు నెట్టినాం. మిగతా రెండింట్లో ఏది ఏదో చెప్పడానికి మాత్రం తడబడినాం. కొత్త చవక బీరులో ఉడికిన మొక్కజొన్న కంకి వాసన, కొంచెం తీపి, చేదు చాలా తక్కువ, మింగినాక గొంతులో సన్నటి వెచ్చదనం. రేటెక్కువ దాంట్లో చేదు నాలుక మీద ఇంకాసేపు నిలబడింది. తేడా ఇరవై నిమిషాల తర్వాత బయటపడింది. చల్లదనం తగ్గేకొద్దీ చవకదాంట్లో సారాయి ఘాటు పైకొచ్చింది, రెండోది మాత్రం తాగేటట్టే ఉంది.

దీనికి కారణం ఉంది. మన అమ్మలు రాగులు నానబెట్టి, గుడ్డలో మూటగట్టి, మొలకలు రానిచ్చి ఎండబెట్టి రాగి మాల్ట్ చేస్తారు కదా, బీరుకు బార్లీని చేసేదీ అదే పని. మొలకెత్తినప్పుడు గింజలో పుట్టే ఎంజైములు పిండిని చక్కెరగా మారుస్తాయి, ఆ చక్కెరను ఈస్టు ఆల్కహాలు చేస్తుంది. చవకగా కావాలంటే బార్లీ తగ్గించి మొక్కజొన్న, బియ్యం, చక్కెర కలుపుతారు. ఆల్కహాలు ఎక్కువొస్తుంది, చిక్కదనం, రుచి తగ్గుతాయి. చేదునిచ్చే హాప్స్ అనే పూలు కూడా తక్కువే వేస్తారు. సెలవులకు వచ్చిన ఒక కస్టమరు కొడుకు, ఇలాంటిదాన్నే అమెరికాలో మాల్ట్ లిక్కర్ అంటారని, నలభై ఔన్సుల సీసాలో అమ్ముతారని చెప్పినాడు. అంటే దాదాపు 1.18 లీటర్లు, మన పెద్ద సీసాకు రెండింతలకు కాస్త తక్కువ.

కాబట్టి నా తీర్పు ఇది. తాజాగా, బాగా చల్లగా ఉండి, కారంగా నంజుకోవడానికి ఏదైనా ఉంటే ఇది తాగదగ్గ బీరే. మిగిలిన నలభై రూపాయలకు ఒక గుడ్డు దోసె వస్తుంది, కూలికి పోయొచ్చినోళ్లకు అది చిన్న లెక్క కాదు. మెల్లగా గంటసేపు కబుర్లు చెప్పుకుంటూ తాగేవాళ్లకైతే నేను దీన్ని ఇవ్వను, ఇంకోటి తీసుకోమంటాను.

ఇంకొకటి తప్పకుండా చెప్పాలి. "బీరే కదా" అంటారు చాలామంది. సీసా మీద 8 శాతం దాకా అని ఉంటుంది. 650 మిల్లీ సీసాలో ఆ లెక్కన 52 మిల్లీల అసలు ఆల్కహాలు. విస్కీ 42.8 శాతం, 60 మిల్లీల పెగ్గులో అది దాదాపు 26 మిల్లీలు. అంటే ఒక్క సీసా రెండు పెద్ద పెగ్గులతో సమానం. బండి నడిపేవాళ్లకు చట్టం పెట్టిన హద్దు 100 మిల్లీల రక్తంలో 30 మిల్లీగ్రాములు. చాలామంది ఈ ఒక్క సీసాతోనే అది దాటిపోతారు. పలమనేరు రోడ్డులో రాత్రిపూట లారీలు ఎట్లా వస్తాయో మీకు తెలుసు. తాగితే బండి తాళం కౌంటర్లో ఇచ్చి ఆటోలో పోండి, పొద్దున మా పిల్లోడు బండి తుడిచి పెట్టి ఉంటాడు.

కేసులన్నీ ఇప్పుడు లోపలి గదిలోకి మార్చినాం. ప్రతి కేసు మీద వచ్చిన తేదీ రాసి, పాతవి ముందు తీస్తున్నాం. తయారై నాలుగు నెలలు దాటింది ఏ రేటుదైనా టేబుల్ మీదికి రాదు. మూత తీసినప్పుడు అట్ట వాసనొస్తే తాగొద్దు, అక్కడే పిలవండి, మార్చిస్తాం.

ఆ లోడింగ్ అన్న మళ్లీ రాలేదు. మండీలో మీలో ఎవరికైనా కనిపిస్తే, ఆయన సీసా డబ్బులు కౌంటర్లో విడిగా పెట్టి ఉంచినానని చెప్పండి.