ట్రీస్ బ్యాండ్‌కు పేరొచ్చింది, డబ్బెవరికి వచ్చింది?

సంపాదకులు గారికి నమస్కారం.

పాత ఇంగ్లిష్ ఫోక్ రాక్ (జానపదాలను రాక్ బాణీలో వాయించడం) గురించి పత్రికల్లో ఎప్పుడు చూసినా ఒకటే కథ. పాపం అప్పట్లో ఎవరూ పట్టించుకోలేదు, ఇన్నేళ్లకు లోకం గుర్తించింది, సుఖాంతం. లండన్‌లో 1969లో మొదలైన ట్రీస్ బ్యాండ్ గురించి కూడా ఇలాగే రాస్తుంటారు, నాకు మాత్రం ఇందులో సుఖాంతం ఎక్కడుందో అర్థం కాదు.

1970 ఏప్రిల్‌లో తొలి ఆల్బమ్, ఏడాది తిరగకుండానే 'ఆన్ ద షోర్', సీబీఎస్ కంపెనీకి చేసినవి ఆ రెండే. అమ్ముడుపోలేదు. తొలి ఆల్బమ్‌కు నాలుగు నెలల ముందే ఫెయిర్‌పోర్ట్ కన్వెన్షన్ అనే బ్యాండ్ వాళ్లు ఇంగ్లిష్ జానపదాలను ఎలక్ట్రిక్ గిటార్ల మీదకెక్కించి పేరు కొట్టేశారు కాబట్టి, వీళ్లను వాళ్ల నకలని తేల్చేశారు. 'ఆన్ ద షోర్'లో 'శాలీ ఫ్రీ అండ్ ఈజీ' పది నిమిషాల పైనే ఉంటుంది, ఓపిగ్గా వినండి, సీలియా హంఫ్రిస్ పాడటం ఆపేశాక కూడా బ్యారీ క్లార్క్ గిటార్ పాటను ఎంత దూరం తీసుకెళుతుందో తెలుస్తుంది. నకలన్నవాళ్లు అంతదాకా కూర్చుని ఉండరని నా అనుమానం.

2006లో అమెరికా జోడీ నార్ల్స్ బార్క్‌లీ తమ తొలి ఆల్బమ్ టైటిల్ పాటలో వీళ్ల 'జోర్డీ' పాటలోని ముక్క వాడుకున్నాక కొత్తవాళ్లు వెతకడం మొదలుపెట్టారు. ఒరిజినల్ ఎల్‌పీ రికార్డుల రేటు వందల పౌండ్లకు ఎక్కింది. ఆ డబ్బు అమ్మినవాడి జేబులోకే పోతుంది, వాయించినవాళ్లకు పైసా రాదు. అదే పెయింటింగ్ అయితే, బ్రిటన్‌లో డీలర్ ద్వారా మంచి రేటుకు మళ్లీ అమ్ముడైనప్పుడు చిత్రకారుడికి వాటా ఇవ్వాలని చట్టమే ఉంది.

బ్యాండ్‌లో వాళ్లు వేరే పనులు చేసుకుని బతికారు. డేవిడ్ కోస్టా ఎల్టన్ జాన్ ఆల్బమ్ కవర్లు చేశాడు, బయస్ బోషెల్ గాయని కికీ డీకి హిట్ పాట రాశాడు, సీలియా లండన్ మెట్రో నార్తర్న్ లైన్ అనౌన్స్‌మెంట్లకు గొంతిచ్చింది. ఆ లైన్‌లో ఆఫీసులకు వెళ్లే మన తెలుగువాళ్లం ఆమె గొంతు విన్నాం, పేరు మాత్రం చాలామందికి తెలియదు. 2021లో చనిపోయింది.

అసలు రాయాల్సింది ఇంకొకటుంది. 2013లో బ్రిటన్ రికార్డింగుల హక్కుల గడువును 50 ఏళ్ల నుంచి 70కి పెంచింది. లాభం కంపెనీలకే అనుకోకండి, అందులోనే ఇంకో క్లాజు ఉంది: 50 ఏళ్లు దాటిన రికార్డింగును కంపెనీ అమ్మకానికి పెట్టకుండా మూలన పడేస్తే, కళాకారుడు నోటీసిచ్చి, ఏడాది చూసి, హక్కులు వెనక్కి తీసుకోవచ్చు. ట్రీస్ పాటలు 2020లో బాక్స్ సెట్‌గా మళ్లీ అమ్మకానికి వచ్చాయి కాబట్టి వాళ్ల సంగతి వేరు. కానీ ఆ రోజుల్లో ఒకటి రెండు ఆల్బమ్‌లు చేసి ఆగిపోయినవాళ్లు చాలామంది ఇప్పుడు డెబ్భైల్లో ఉన్నారు, ఇలాంటి వీలుందని ఎంతమందికి తెలుసు?

ఈసారి మీ ఆదివారం సంచికలో 'మరుగునపడిన ఆణిముత్యాలు' అంటూ ఏదైనా వేస్తే, ఎల్‌పీ రేటెంతో మాత్రమే కాదు, హక్కులు ఎవరి దగ్గరున్నాయో కూడా ఒక వాక్యం రాయించండి.

— మీ పాఠకుడు, ఉత్తర లండన్