తెలుగు పలికే యంత్రానికి చదవదగిన తెలుగు ఇవ్వండి: మంత్రివర్యులకు బహిరంగ లేఖ

విశాఖపట్నం

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ విద్యాశాఖ, సమాచార సాంకేతిక శాఖల మంత్రివర్యులకు నమస్కారాలు.

అయ్యా,

నేను ముప్పై ఏళ్ళకు పైగా తెలుగు పాఠాలు చెప్పి విశ్రాంతి తీసుకున్నవాణ్ణి. ఉద్యోగ విరమణ తరువాత, పోటీ పరీక్షలకు తయారయ్యే చూపులేని విద్యార్థులకు వారానికి రెండు సాయంత్రాలు ఎంవీపీ కాలనీలోని మా ఇంటి వసారాలో పుస్తకాలు చదివి వినిపించడం అలవాటు చేసుకున్నాను. ద్వారకానగర్ పౌర గ్రంథాలయం నుంచి తెచ్చిన పుస్తకాలైనా, పిల్లలు ఎక్కడెక్కడి నుంచో సంపాదించిన నోట్సులైనా, ప్రభుత్వ ప్రకటనలైనా అన్నీ ఈ గొంతు మీదుగానే సాగేవి. రెండేళ్ళ కిందట ఆ గొంతు మొరాయించింది. ఎక్కువసేపు మాట్లాడవద్దని డాక్టరుగారు కట్టడి చేశారు. అప్పుడు ఆ పిల్లల్లో ఒకడు తన లాప్‌టాప్ తెచ్చి నా ముందు పెట్టి, "మీరింక శ్రమపడకండి మేష్టారూ, ఇది చదువుతుందండి" అన్నాడు.

అందులో ఉన్నది ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్, అంటే తెర మీది రాతను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్. చూపులేని ఆస్ట్రేలియా యువకుడు మైకేల్ కరన్ 2006లో మొదలుపెట్టిన ఉచిత సాఫ్ట్‌వేర్ అది. దానికి జతగా వచ్చే ఈస్పీక్ అనే కృత్రిమ గొంతు తెలుగు కూడా పలుకుతుంది. నిజం చెప్పాలంటే, రేకుడబ్బాలో గులకరాళ్ళు పోసి ఊపినట్టుండే ఆ గొంతు నాకు మొదటి రోజు ఏమాత్రం నచ్చలేదు. కానీ ఆ పిల్లలు దాని వేగం పెంచి, నేను ఒక పేజీ చదివే వ్యవధిలో మూడు పేజీలు వినేస్తున్నారు. తియ్యటి గొంతు కావాలన్నది చూపున్న మన కోరిక. వారికి కావలసినది మీట నొక్కగానే పలికే గొంతు, ఎంత వేగంగా నడిపినా అక్షరం మింగని గొంతు. ఇలాంటి పరికరాలు కొనే అధికారులు ఎంపిక చేసేముందు వాడేవారిని ఒక్క మాట అడిగితే బాగుంటుందని ఈ సందర్భంలో మనవి చేస్తున్నాను.

నేను చెప్పదలచుకున్న అసలు సంగతి గొంతు గురించి కాదు, ఆ గొంతుకు మనం అందిస్తున్న రాత గురించి. మూడో రోజో నాలుగో రోజో ఒక విద్యార్థిని తెలుగు మాధ్యమంలో ఉన్న చరిత్ర పుస్తకం పీడీఎఫ్ తెరిచింది. ప్రచురించినవారి పేరు ఇక్కడ అనవసరం. తెర మీద నాకు చక్కటి తెలుగు అక్షరాలు కనిపిస్తున్నాయి, యంత్రం మాత్రం ఇంగ్లీషు అక్షరాలూ, కుండలీకరణాలూ, శాతం గుర్తులూ గుక్క తిప్పుకోకుండా వల్లిస్తోంది. పాడైందేమో అనుకున్నాను. పాడైంది యంత్రం కాదు. అచ్చుకోసం కంప్యూటరులో అక్షరాలు కూర్చే మన డీటీపీ కేంద్రాలు దశాబ్దాలుగా వాడుతున్న అను వంటి పాత ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు బొమ్మలు కూర్చాయి. కంటికి కనిపించేది తెలుగే అయినా, ఫైలు లోపల దాగి ఉన్నది ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలగలిసిన గజిబిజి. ప్రపంచ భాషల అక్షరాలకు ఒక్కొక్క సంఖ్య ఇచ్చే ప్రమాణమైన యూనికోడ్ 1991లోనే తెలుగు అక్షరాలకు వాటి సొంత సంఖ్యలు కేటాయించింది. ఆ సంఖ్యలతో టైపు చేసిన వాక్యాన్ని ఏ ఫోనైనా, ఏ కంప్యూటరైనా చదవగలదు. ఆ సౌకర్యం వచ్చి మూడు దశాబ్దాలు దాటినా మన అచ్చు పనిలో చాలా భాగం ఇంకా పాత దారినే నడుస్తోంది.

ఇంతకంటే పెద్ద గోడ స్కాన్ చేసిన కాగితం. తెలుగులో వెలువడిన ఉత్తర్వును ముద్రించి, సంతకం పెట్టి, ముద్ర వేసి, ఫోటో తీసినట్టు స్కాన్ చేసి వెబ్‌సైటులో పెడితే, స్క్రీన్ రీడర్ దాన్ని తెరిచి "ఖాళీ పత్రం" అని చెప్పి ఊరుకుంటుంది. ఉపకార వేతనం గడువు ఎప్పుడో, హాల్ టికెట్ ఎక్కడ దొరుకుతుందో ఆ ఖాళీ పత్రంలోనే ఉంటుంది. బొమ్మలోంచి అక్షరాలు ఏరే ఓసీఆర్ ఉంది కదా అంటారు. ఉంది, మేమూ వాడుతున్నాం. అయితే ఒత్తులూ గుడిదీర్ఘాలూ చెరిగిన జిరాక్సు ప్రతిలో అది "వర్షం" అన్నచోట "వరం" చదివితే, చూపులేని విద్యార్థికి ఆ తప్పు పట్టుకొనే మార్గం లేదు.

చట్టం ఈ విషయంలో మౌనంగా లేదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 42వ సెక్షన్, ముద్రణ, శ్రవణ, ఎలక్ట్రానిక్ మాధ్యమాల్లో ఉన్న సమాచారమంతా వారికి అందుబాటు రూపంలో ఉండేలా ప్రభుత్వాలు చర్యలు తీసుకోవాలని చెబుతోంది. వెబ్‌సైట్లలో ఉంచే పత్రాలు ఈపబ్ అనే ఎలక్ట్రానిక్ పుస్తక రూపంలోనో, ఓసీఆర్ ఆధారిత పీడీఎఫ్‌గానో ఉండాలని ఆ చట్టం కింద వచ్చిన 2017 నియమాల్లో 15వ నియమం చెప్పింది. ఆ నియమం తప్పనిసరి స్వభావం లేకుండా సలహాగా మిగిలిపోవడం చట్టానికి విరుద్ధమని, తప్పనిసరి ప్రమాణాలు రూపొందించాలని సుప్రీంకోర్టు 2024 నవంబరు 8న తీర్పు ఇచ్చింది. ఇక కాపీరైటు అడ్డు వస్తుందనే ప్రచురణకర్తల భయానికి కాపీరైటు చట్టానికి 2012లో వచ్చిన సవరణే సమాధానం. చూపులేనివారి కోసం పుస్తకాన్ని అందుబాటు రూపంలోకి మార్చడాన్ని అది అనుమతిస్తోంది.

రాత సరైన రూపంలో అందినా, దాన్ని పలికించడంలో తెలుగుకు ప్రత్యేకమైన చిక్కులు కొన్ని ఉన్నాయి. నేను తెలుగు పంతుల్ని కనుక ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను, మన్నించండి. మనం అంకెకు విభక్తిని అంటించి రాస్తాం. "500కు" అని చూడగానే మన నోరు "అయిదు వందలకు" అంటుంది. యంత్రం "అయిదు వంద కు" అంటుంది. "3గురు సభ్యులు" అని రాస్తే మనం "ముగ్గురు" అంటాం, మా దగ్గరున్న గొంతు "మూడు గురు" అంటుంది. హుద్‌హుద్ తుపాను మన ఊరిని తాకిన తేదీని 12-10-2014 అని రాసి వినిపిస్తే "పన్నెండు మైనస్ పది మైనస్" అని లెక్కలు మొదలుపెట్టింది. "కి.మీ." అన్న పొట్టి రాత వినడానికి వచ్చేసరికి "కి" అనే విభక్తీ, "మీ" అనే సర్వనామమూ అయిపోయింది. పరీక్ష పుస్తకంలో అయితే ఇది చికాకే, మళ్ళీ వెనక్కి వెళ్ళి వింటారు. గాలి వేగమూ, తీరం దాటే సమయమూ చెప్పే తుపాను హెచ్చరికలో అయితే వెనక్కి వెళ్ళి వినే తీరిక ఉండదు. బంగాళాఖాతం ఒడ్డున ఉన్న ఊరివాణ్ణి కనుక ఈ భయం నాకు కాస్త ఎక్కువే.

మరొకటి చ, జ ల సంగతి. "చాప"లో చకారం వేరు, "చరిత్ర"లో చకారం వేరు. "జామ"లో పలికేది "జాతి"లో పలకం. "చాప", "జామ"ల్లో నాలుకను పళ్ళకు తాకించి పలికే ఈ దంత్య చ, జ లకు ౘ, ౙ అనే గుర్తులు ఉన్నాయి, యూనికోడ్‌లో వాటికి చోటూ ఉంది, కానీ నిత్య వ్యవహారంలో ఎవరూ రాయరు. ఏది అచ్చతెలుగు మాటో, ఏది సంస్కృతం నుంచి వచ్చిందో తెలిసిన మనిషి ఇట్టే సర్దుకుంటాడు; యంత్రానికి ఎవరో ఒకరు చెప్పాలి. ఆ చెప్పడం ఇంజినీర్లు ఒంటరిగా చేయగల పని కాదు.

సాంకేతికంగా మనం చేతులు ముడుచుకొని కూర్చోవలసిన స్థితిలో ఏమీ లేము. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో తెలుగు కృత్రిమ వాక్కు మీద ఏళ్ళ తరబడి పని జరిగింది. ఐఐటీ మద్రాసు పరిశోధకులు తెలుగుతో సహా భారతీయ భాషల గొంతులను అందరూ వాడుకునేలా విడుదల చేశారు. 2022లో కేంద్రం భారతీయ భాషల అనువాదానికీ, పలుకుకూ భాషిణి అనే వేదికను ప్రారంభించింది. 2025 జనవరి 30న మీ ప్రభుత్వమే వాట్సాప్‌లో "మన మిత్ర" అనే ప్రభుత్వ సేవల వేదికను తెచ్చింది. అందులో వచ్చే జవాబు అక్షరాలుగా వస్తే ఫోను చదివి పెడుతుంది, బొమ్మగా వస్తే చేతులెత్తేస్తుంది. రాష్ట్రంలో అందరికంటే ఎక్కువ తెలుగు కాగితం పుట్టించేది ప్రభుత్వమే కనుక, మరమ్మతు కూడా అక్కడే మొదలు కావాలి.

కాబట్టి నేను కోరేది కొత్త యాప్ కాదు. ఇకమీదట మీ రెండు శాఖల నుంచి వెలువడే ప్రతి తెలుగు పాఠ్యపుస్తకం, ఉత్తర్వు, ప్రకటన యూనికోడ్ పాఠంగా కూడా బయటికి రావాలని ఒక ఉత్తర్వు ఇవ్వండి. సంతకం ఉన్న స్కాను ప్రతి పక్కన ఉంటే ఉండనివ్వండి. ముద్రణ టెండరులో ఈ షరతు చేర్చితే, అచ్చువేసేవారు అలవాటు మార్చుకుంటారు. పాత పాఠ్యపుస్తకాలను మార్చే పనిని పదో తరగతి నుంచి మొదలుపెట్టి కిందికి రావచ్చు. అలాగే అంకెలు, తేదీలు, పొట్టి రాతలు, చ జ ల పలుకుబడి, మన ఊళ్ళ పేర్లు ఎలా పలకాలో చెప్పే ఉచ్చారణ నిఘంటువును తెలుగు అధ్యాపకుల చేత చేయించి, ఏ సంస్థైనా ఉచితంగా వాడుకునేలా విడుదల చేయండి. గిడుగు రామమూర్తి పంతులుగారి జయంతి అయిన ఆగస్టు 29న మనం తెలుగు భాషా దినోత్సవం జరుపుకొంటున్నాం. మనుషులు మాట్లాడే భాషే పుస్తకాల్లో ఉండాలని పోరాడిన మా ఉత్తరాంధ్ర పెద్దాయన రోజున శాలువాలతో పాటు అలాంటి నిఘంటువు ఒకటి వేదిక ఎక్కితే తగినట్టుంటుంది. విడుదలకు ముందు ప్రతి ఫైలునూ స్క్రీన్ రీడర్ వాడే ఉద్యోగి ఒకరు విని చూడాలన్నది నా విద్యార్థుల షరతు, నాది కాదు.

మా వసారాలో మంగళ, శుక్రవారాల్లో సాయంత్రం అయిదు గంటలకు ఆ పిల్లలు ఇప్పటికీ చేరుతున్నారు. మీ శాఖ వెలువరించిన తెలుగు ఉత్తర్వు ఏదైనా ఒకటి పంపించండి. అందరం కలిసి విని, యంత్రం ఎక్కడ తడబడిందో, ఎక్కడ నోరు మూసుకుందో పేజీ, పంక్తి సహా రాసి తిరుగు టపాలో పంపుతాము.

ఇట్లు
భవదీయుడు,
విశ్రాంత తెలుగు అధ్యాపకుడు,
విశాఖపట్నం