నిషేధాలు గేటు దగ్గరా తెలిసేది?

సంపాదకులకు,

ప్రవేశ పరీక్షకు సెల్‌ఫోన్ తేకూడదని ఇప్పుడు ఎవరికీ చెప్పనక్కర్లేదు. తనిఖీలో పిల్లల్ని ఆపేవి చాలావరకు చిన్నవి: బండి తాళం, బెల్టు, జేబులో చిల్లర, తలలో ఇనప క్లిప్పు, ఇంటి నుంచి తెచ్చుకున్న పెన్ను. ఇవి తేవద్దని సూచనల్లో ఉంటుంది. కానీ ఆ సూచనలు పరీక్షకో రకంగా ఉంటాయి.

ఒకే విద్యార్థి కొద్ది నెలల్లో జేఈఈ మెయిన్ (ఇంజినీరింగ్), నీట్ (వైద్య విద్య), ఈఏపీసెట్ (రాష్ట్ర స్థాయి పరీక్ష)లలో రెండు మూడు రాస్తుంటాడు. జేఈఈ మెయిన్‌కు లోపలి రీఫిల్ కనిపించే మామూలు బాల్‌పెన్ను తెచ్చుకోవచ్చు, రఫ్ కాగితాలు వాళ్లే ఇస్తారు. నీట్‌కు పెన్ను కూడా తేకూడదు, నల్ల బాల్‌పెన్ను హాల్లోనే ఇస్తారు. ఈఏపీసెట్‌కు నలుపు లేదా నీలం పెన్నుతో పాటు ఫొటో అంటించిన దరఖాస్తు ప్రింటు కూడా ఉండాలి. జనవరిలో ఒప్పయినది మేలో తప్పవుతుంటే పిల్లలు తికమకపడరా?

దుస్తుల మీద ఆంక్షలు ఊరికే రాలేదు. 2015లో, నీట్‌కు ముందు ఉన్న అఖిల భారత ప్రీ మెడికల్ పరీక్షలో చొక్కా లోపలి బనియన్లలో సిమ్, బ్లూటూత్ పరికరాలు కుట్టించుకుని వచ్చిన వ్యవహారం బయటపడింది. సుప్రీంకోర్టు పరీక్షనే రద్దు చేయడంతో జులై 25న మళ్లీ పెట్టారు. పొడుగు చేతుల చొక్కాలు, బూట్లు నీట్‌లో వద్దనడం వెనక భయం అదే. ఆచారం ప్రకారం వేసుకునే దుస్తులు, వస్తువులు ఉన్నవాళ్లను ముందుగా రమ్మంటారు. వాళ్ల తనిఖీకి ఎక్కువ సమయం పడుతుంది కనుక. ఈ సంగతి తెలియక ఆఖరి నిమిషంలో వస్తే గొడవ తప్పదు.

మెటల్ డిటెక్టర్‌కు బ్లూటూత్ ముక్కకూ లోదుస్తుల హుక్కుకూ తేడా తెలియదు. అది తెలుసుకోవలసింది మనిషి. 2022 నీట్‌లో కేరళలోని కొల్లం జిల్లాలో అమ్మాయిల లోదుస్తులు తీయించారన్న వివాదం చెలరేగి, చివరికి వాళ్లకు సెప్టెంబరు 4న మళ్లీ పరీక్ష రాసే అవకాశం ఇవ్వాల్సి వచ్చింది. శబ్దం వస్తే మహిళా సిబ్బంది తెర చాటున చేత్తో తడిమి చూస్తే సరిపోతుంది. ఈ ఒక్క మాట తనిఖీ సిబ్బందికి ముందురోజు శిక్షణలో గట్టిగా చెప్పాలి.

అసలు లోపం వేరే ఉంది. వస్తువులు దాచే ఏర్పాటు కేంద్రంలో ఉండదని సూచనల్లోనే రాస్తారు. ఒంటరిగా వచ్చిన విద్యార్థి తాళాన్నీ ఫోన్‌నూ ఎక్కడ పెట్టాలి? గేటు మూసే వేళకు గోడ పక్కన పెట్టి పరుగెత్తుతారు. గేటు బయట ఒక బల్ల, ఇద్దరు మనుషులు, కొన్ని గుడ్డ సంచులు చాలు. సంచి మీద హాల్‌టికెట్ నంబరు రాసి, ఫోన్ స్విచ్చాఫ్ చేయించి తీసుకోవాలి. టోకెన్లు వద్దు, లోపలికి తీసుకెళ్లడానికి మళ్లీ అదొక వస్తువు! గుర్తింపు కార్డు చూసి తిరిగిచ్చేస్తే సరి. నంబర్లలో చివరి అంకెను బట్టి సంచులు సర్దితే పరీక్ష అయ్యాక తోపులాట ఉండదు.

చేతి గడియారం వద్దన్నాక గోడ గడియారం ఉండాలి. ఉంటే చాలదు, నడవాలి, వెనక వరుసకూ కనిపించాలి. జేఈఈలో కంప్యూటర్ తెరపైనే సమయం కనిపిస్తుంది. కాగితం మీద రాసే నీట్‌లో మాత్రం ఆగిపోయిన గడియారం ఓఎంఆర్ జవాబు పత్రంలో గడులు నింపుతున్నవాణ్ణి ముంచుతుంది.

మధుమేహం ఉన్న పిల్లలకు జేఈఈ మెయిన్‌లో చక్కెర మాత్రలు, అరటి, ఆపిల్, నారింజ లాంటి పళ్లు అనుమతిస్తారు. ఆ విషయం తెలియని సిబ్బంది వాటినీ ఆపేసే ప్రమాదం ఉంది కాబట్టి, ఆ సూచన ఉన్న పేజీ ప్రింటు వెంట ఉంచుకోవడం మంచిది. గుర్తింపు కార్డు అసలుది కావాలి. ఫోన్‌లోని ఆధార్ బొమ్మ పనికిరాదు, ఆ ఫోనే లోపలికి రాదు.

పరీక్ష ముందురోజు పత్రికలు 'ఇవి తేవద్దు' అంటూ వేసే పెట్టెలో అన్ని పరీక్షల జాబితాలూ కలిసిపోతుంటాయి. దయచేసి ఏ పరీక్షకు ఆ పరీక్ష పేరుతో, అనుమతించే వస్తువులను కూడా చేర్చి, విడిగా వేయండి.

ఇట్లు,
పరీక్షా కేంద్రాల్లో పనిచేసే కొందరు ఇన్విజిలేటర్లు