చాంబర్ విప్పకుండానే ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్ మార్చారు

నల్లగొండ

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

విషయం: 1,42,000 కిలోమీటర్లు తిరిగిన కారుకు మీ సర్వీస్ సెంటర్‌లో జరిగిన ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్) మార్పిడి గురించి ఫిర్యాదు.

అయ్యా,

జాబ్ కార్డులో రాయించింది చాంబర్ (గేర్‌బాక్స్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) విప్పి ఆయిల్ దించడం, ఫిల్టరూ గ్యాస్కెట్టూ మార్చడం, కొత్త ఏటీఎఫ్ పోయడం. బిల్లులో ఉన్నది 12 లీటర్ల ఏటీఎఫ్, మెషిన్ చార్జీ. ఫిల్టర్ లేదు, గ్యాస్కెట్ లేదు. అడిగితే మెషిన్‌తో మొత్తం కడిగేశాం, విప్పనక్కర్లేదు అన్నారు. నిజంగానే విప్పలేదు. చాంబర్ బోల్టుల మీద ఫ్యాక్టరీలో పెట్టిన పసుపు రంగు గుర్తు ఒక్కదాని మీదా చెదరలేదు. ఫొటోలు జతచేశాను.

ఇంత తిరిగిన గేర్‌బాక్స్‌లో క్లచ్ ప్లేట్లు అరిగిన పొడి చాంబర్ అడుగున, ఆయిల్‌ను క్లచ్‌లకు మళ్లించే వాల్వ్ బాడీ మూలల్లో పేరుకుని ఉంటుంది. కూలర్ పైపుకు మెషిన్ తగిలించి ప్రెషర్‌తో తోస్తే ఆ పొడి కదిలి సన్నని దారుల్లో, కరెంటుతో పనిచేసే వాల్వులైన సొలినాయిడ్లలో ఇరుక్కునే ప్రమాదం ఉంది. పాత ఫిల్టర్‌ను అలాగే ఉంచి 12 లీటర్ల మంచి ఆయిల్‌ను దాని గుండానే తిప్పారు.

ఇలాంటి బండికి కొంచెం కొంచెంగా మార్చాలి. ముందు పైన నింపే బోల్టు ఊడుతుందో లేదో చూసుకుని, తర్వాతే కింది బోల్టు ముట్టుకోవాలి. ఈ గేర్‌బాక్స్‌లో మొత్తం దాదాపు 7 లీటర్లు పడితే, కిందికి దిగేది మూడున్నర. మిగతాదాంట్లో ఎక్కువ భాగం ఇంజిన్‌కూ గేర్‌బాక్స్‌కూ మధ్య ఉండే టార్క్ కన్వర్టర్‌లోనే ఉండిపోతుంది. దిగినంత కొలిచి అంతే పోసి, కొన్ని వందల కిలోమీటర్లు తిప్పి మళ్లీ దించాలి. మొదటిసారికి సగం, రెండోసారికి ముప్పావు, మూడోసారికి 87 శాతం కొత్త ఆయిల్ అవుతుంది. చాంబర్‌లోని అయస్కాంతాల మీద బూడిదరంగు మెత్తటి ముద్ద మామూలే. వేలికి గుచ్చుకునే ఇనుప ముక్కలు కనబడితే మాత్రం పని ఆపి యజమానికి చెప్పాలి. ఆయిల్ మాడు వాసన వస్తూ గేర్లు జారుతున్న బండి కొత్త ఆయిల్‌తో బాగుపడదు, ఆ మాట కూడా డబ్బు తీసుకోకముందే చెప్పాలి. మా బండిలో ఆ జబ్బు లేదు.

అన్నిటికన్నా పెద్ద తప్పు ఆయిల్ లెవెల్ చూడటం దగ్గర జరిగింది. ఇంజిన్ నడుస్తుండగా లివర్‌ను ఒక్కో గేర్‌లో కాసేపు ఆపుతూ తిప్పి, స్కానర్‌లో ఆయిల్ వేడి 35 నుంచి 45 డిగ్రీల మధ్య ఉన్నప్పుడు ఎక్కువైన ఆయిల్ బయటికి కారే ఓవర్‌ఫ్లో బోల్టు తీయాలి. ధార సన్నబడి చుక్కలయ్యాక బిగించాలి. నల్లగొండలో వేరే మెకానిక్ అలాగే తీసి చూస్తే చుక్క రాలలేదు. 700 మిల్లీలీటర్లు పోశాక గానీ ధార పడలేదు. ఆయిల్ తగ్గితే పంపు గాలి పీలుస్తుంది, నురగ కడుతుంది, ప్రెషర్ నిలవక క్లచ్‌లు జారి కాలుతాయి. రివర్స్ వేస్తే రెండు సెకన్లు ఆగి కుదుపుతో పట్టుకోవడం, 60 స్పీడు దాటాక సన్నగా వణకడం మీ సర్వీస్ తర్వాతే మొదలయ్యాయి. ఆయిల్ నింపాక మొదటిది తగ్గింది, వణుకు తగ్గలేదు.

మీ మాన్యువల్‌లో ఈ ఆయిల్‌ను లైఫ్‌టైమ్ అని రాశారు. మే నెల ఎండలో హైదరాబాద్ దారిలో పంతంగి టోల్ దగ్గర క్యూ, ఆ తర్వాత ఎల్బీనగర్ దాకా ఆగి ఆగి నడక. ఈ వేడికి 60,000 కిలోమీటర్లకు ఒకసారి మార్చాలని మీరే రాయాల్సింది.

బిల్లు మొత్తం వాపసు ఇవ్వండి. చాంబర్ విప్పి ఫిల్టర్, గ్యాస్కెట్, బోల్టు వాషర్ మార్చి, మాన్యువల్‌లో చెప్పిన రకం ఏటీఎఫ్‌నే పోసి, లెవెల్ చూసినప్పటి ఆయిల్ వేడిని జాబ్ కార్డులో రాసివ్వండి. అప్పటికీ వణుకు పోకపోతే వాల్వ్ బాడీ, టార్క్ కన్వర్టర్ పరీక్ష ఖర్చు మీదే. 15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు రాకపోతే, 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద నల్లగొండ జిల్లా కమిషన్‌లోనే కేసు వేస్తాను.

జతపరచినవి: బిల్లు, జాబ్ కార్డు నకలు, బోల్టుల ఫొటోలు, స్కానర్ రీడింగ్.

ఇట్లు,
కారు యజమాని