సూదుల చదువు

పాలకొల్లు

ఒరేయ్ రాంబాబూ,

నీ ఉత్తరం అందింది. నేను ఆక్యుపంక్చర్ నేర్చుకుంటున్నానని తెలిసి "సూదులు గుచ్చడానికి అన్నాళ్ళ చదువెందుకురా?" అని వెటకారమాడావు కదా, విను.

గుచ్చడం పెద్ద విద్యేం కాదు. బత్తాయి తొక్క మీద చెయ్యి తిరిగాక మా కాళ్ళలో మేమే గుచ్చుకున్నాం. పావు మిల్లీమీటరు మందం సూది, చీమ కుట్టినట్టయినా ఉండదు. కష్టమంతా పాయింటు పట్టుకోవడంలోనే. ఒంట్లో ప్రాణశక్తి పారే దారులని చెప్పే 14 మెరిడియన్ల మీద 361 పాయింట్లు, టేపుతో కొలిస్తే దొరకవు. ఎవరి ఒంటికి వాళ్ళ వేళ్ళే కొలత. మోకాలిచిప్ప కింద బయటివైపు గుంట నుంచి నాలుగు వేళ్ళు దిగి, ముంగాలి ఎముకకి ఒక వేలు పక్కకి జరిగితే జూసాన్లీ అనే పాయింటు. సూది సరిగ్గా పడితే కాలు బరువెక్కి జివ్వుమంటుంది. అది కనిపెట్టడానికి మా మాస్టారు సూది వంక కాదు, మనిషి మొహం వంక చూస్తారు.

సూది దాకా రావడానికే బోలెడు తతంగం. నాలుక చూడాలి, రెండు మణికట్ల దగ్గర మూడేసి చోట్ల నాడి పట్టాలి. మొన్నొకావిడ మోకాళ్ళ నొప్పులని వచ్చింది, వరి నాట్లకెళ్ళే మనిషి. మాస్టారు నిద్ర, ఆకలి, విరేచనం, పిల్లలు అంటూ మొదలెట్టారు. "నొప్పి మోకాల్లో అండీ, ఆయ్!" అని ఆవిడ విసుక్కుంది. తీరా చూస్తే తెల్లారగట్ల టీ నీళ్ళు తాగి చేలో దిగితే మధ్యాహ్నం దాకా మెతుకు లేదు, రాత్రి కంటి మీద కునుకు లేదు. సూదులు పెట్టి, చద్దన్నమైనా తిని వెళ్ళమన్నారు. నాలుగు రోజులు వంగొద్దన్నారు కూడా. దాళ్వా నాట్లప్పుడు కూలి మానుకోమంటే ఎవరు వింటార్రా? మనిషిని మొత్తంగా చూడాలంటారు గానీ, ఆ మొత్తంలో కూలి డబ్బులు కూడా ఉన్నాయి.

ఇంకోటి, మోక్సా అని ఎండిన ఆకు ముట్టించి పాయింటు దగ్గర సెగ పెడతారు. ఆ ఆకు మన వినాయకచవితి మాచిపత్రి జాతిదే! చైనా నుంచి ఈ విద్యని మన దేశానికి తెచ్చింది కలకత్తా డాక్టరు బి.కె. బసు. 1938లో డాక్టర్ కోట్నిస్‌తో పాటు చైనా వెళ్ళిన మన వైద్య బృందంలో ఆయనా ఉన్నారు. కేంద్రం దీన్ని ప్రత్యేక వైద్య విధానంగా గుర్తించింది మాత్రం 2019లో.

నువ్వు అడగబోయేది నాకు తెలుసు, నిజంగా పనిచేస్తుందా అని. 2007లో జర్మనీ వాళ్ళు 1,162 మంది నడుంనొప్పి మనుషుల మీద చూశారు. అసలు పాయింట్లలో గుచ్చితే 47.6 శాతం మందికి గుణం కనిపించింది, ఉత్తుత్తి చోట్ల పైపైన గుచ్చితే 44.2. మామూలు మందులు, వ్యాయామం వాళ్ళకి 27.4. మా వాళ్ళు మూడో అంకె చూసి మురిసిపోతారు. నాకు మాత్రం ఆ రెండో అంకె మీదే ధ్యాస. పాయింటు తప్పినా దాదాపు అంతే మేలు జరిగిందంటే, ఎవరో ఓపిగ్గా కూర్చుని పట్టించుకోవడం కూడా పనిచేస్తోందనే నా లెక్క. ఈ మాట క్లాసులో అంటే కొందరు మొహం మాడ్చుకున్నారనుకో.

నొప్పులంటున్న మీ అమ్మగారిని తీసుకురా. ఎక్స్‌రే ఉంటే పట్టుకురా, ఎముక అరుగుదల సూదితో తిరిగి రాదు, నొప్పి తగ్గితే తగ్గొచ్చు. షుగర్ మాత్రలు ఆపించకు. రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే ముందే చెప్పు. పరగడుపున మాత్రం తేకు, కళ్ళు తిరుగుతాయి. పెసరట్టు తినిపించి తీసుకురా.

నీ,
సత్తిబాబు